పంచేవారి తప్పు – ఆడేవారి న్యాయం



తీరిక వేళల ముచ్చట్లకు కేటాయించిన ఈ శీర్షికలో మేము ఈసారి పేకముక్కలను పట్టుకొన్నామని తెలిస్తే కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చును. పందెం కాసి సంసారాలను గుల్ల చేసే జూదాన్ని గురించి మేము వ్రాయబోవడం లేదు. పేక కలిపి పంచేటప్పుడు దొర్లే తప్పులను గురించి, ఆ తప్పులను సరిదిద్దే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. విషయం చిన్నదే. కాని ఒక ముక్క ఎక్కువ పడిన కారణంగా మాట మాట పెరిగి, మరుసటి పండుగకు ఒకరి గుమ్మం మరొకరు తొక్కని తోడల్లుళ్ళు ప్రతి కాలనీలోను ఉంటారు. శివరాత్రి జాగరణలో నవ్వుతూ మొదలైన ఆట తెల్లవారేసరికి అలకలతో ముగియడం మన ఇళ్ళకు కొత్త కాదు. ఇట్టి తగవులలో అధిక భాగం ఓడినందుకు వచ్చినవి కావు. పంపకంలో తప్పు జరిగినప్పుడు ఏమి చేయాలో ముందుగా అనుకోనందున వచ్చినవి.

బిలాస్‌పూర్‌లో తెలుగువారి నివాసం ఈనాటిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి మనవారు ఈ దారి వెంట ఉద్యోగాలకు వస్తూనే ఉన్నారు. 1931లో రాయపూర్ – విజయనగరం మార్గం పూర్తి అయిన తరువాత ఉత్తరాంధ్ర కుటుంబాలకు రాకపోకలు మరింత సులువైనాయి. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రం అయినది. రైలు, బొగ్గు, విద్యుత్తు – ఈ మూడింటిలో ఏదో ఒకదానితో ముడిపడని తెలుగు ఇల్లు ఈ ఊరిలో అరుదు. ఆవకాయ జాడీతో పాటు రమ్మీ ఆట కూడ ఆ ఇళ్ళలో చోటు సంపాదించుకొన్నది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే మాటలు ఇక్కడ పుట్టి హిందీలో చదువుకొన్న పిల్లలకు సైతం వచ్చును.

రమ్మీని గురించి మన దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పిన ఒక తీర్పును ఇక్కడ తలచుకోవడం అవసరం. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవారిపై నాటి హైదరాబాదు జూద నిషేధ చట్టం క్రింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష విధించగా హైకోర్టు దానిని కొట్టివేసినది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణకు నడుమ సాగిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో తీర్పు వెలువడినది. ఆ తీర్పు వ్రాసినవారు జస్టిస్ మహమ్మద్ హిదాయతుల్లా. వీరు బాల్యంలో రాయపూర్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుకొన్నవారు. నేడు రాయపూర్‌లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వీరి పేరనే నడుస్తున్నది. సికింద్రాబాదు ఆట గురించి ఛత్తీస్‌గఢ్‌లో పెరిగిన న్యాయమూర్తి తీర్పు చెప్పడం మన బిలాస్‌పూర్ తెలుగువారికి రెండు వైపులా చుట్టరికం కలిపే సంగతి.

ఆ తీర్పు సారాంశం ఇది. రమ్మీలో ఏ ముక్కలు పడినవో గుర్తుంచుకోవాలి. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఆలోచించాలి. కావున అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట. అందులో అదృష్టం లేదని కాదు. ఉన్న అదృష్టం బ్రిడ్జ్ ఆటలో పంపకం వలన కలిగే అదృష్టం వంటిదే. కలిపిన పేకలో ముక్కలు ఏ వరుసలో పడతాయో ఎవరి చేతిలోను లేదు గనుక, పేక కలిపి పంచే ప్రతి ఆటలోను ఆ పాలు ఉండక తప్పదని న్యాయస్థానం భావించినది.

ఈ మాటను మరొక అడుగు ముందుకు తీసుకొని వెళ్ళి చూడండి. నైపుణ్యం గోడ అయితే పంపకం దాని పునాది. అదృష్టం అందరికీ ఒకే విధంగా తెలియరానిదై ఉన్నంతవరకే పైన కట్టిన నైపుణ్యానికి అర్థం ఉన్నది. పంపకంలో తప్పు జరిగినప్పుడు పునాదియే కదులుతుంది. అప్పుడు ఎవరి తెలివి గెలిచినదో, ఎవరి పొరపాటు గెలిపించినదో చెప్పలేము.

మన ఇళ్ళలో ఈ సమస్యకు లిఖిత నియమాలు లేవు. "మా ఊళ్ళో ఇలాగే ఆడతాం" అనునదే నియమం. రమ్మీ బల్ల చుట్టూ ఆరుగురు కూర్చుంటే ఆరు ఊళ్ళ నియమాలు కూర్చుంటాయి. అయితే ఇదే సమస్యను వందలాది మంది ఎదుట, గడియారం తిరుగుతూ ఉండగా, ప్రతి దినం ఎదుర్కొని దానికి స్పష్టమైన నియమావళి ఏర్పరచుకొన్నవారు ప్రపంచంలో ఉన్నారు. వారు పోకర్ టోర్నమెంట్లు నడిపేవారు. ఆ ఆటను మనం ఆడనక్కరలేదు; ఆ నియమావళిలోని ఆలోచనను గ్రహించవచ్చును.

పోకర్ తెలియనివారి కొరకు కొద్ది వివరం. నేడు ఎక్కువగా ఆడే టెక్సాస్ హోల్డెమ్ అనే పద్ధతిలో ప్రతి ఆటగానికి రెండేసి మూసిన ముక్కలు పంచుతారు. తరువాత బల్ల మధ్యన అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, పిదప ఒకటి, చివరకు మరొకటి – వెరసి 5 ముక్కలు తెరుస్తారు. మొదటి మూడింటిని ఫ్లాప్ అని, నాలుగవదానిని టర్న్ అని, ఐదవదానిని రివర్ అని అంటారు. ప్రతిసారి తెరవడానికి ముందు పేక పైనున్న ఒక ముక్కను మూసినట్లుగానే పక్కకు తీసివేస్తారు. పై ముక్కపై ఎవరైనా గుర్తు పెట్టి ఉన్నా, ఎవరి కంటనైనా పడి ఉన్నా అది ఆటలోకి రాకుండా చేసే జాగ్రత్త అది. ప్రతి దశలోను ఆటగాళ్ళు వరుసగా బిళ్ళలు పెట్టడమో, పెంచడమో, ముక్కలు పారవేసి తప్పుకోవడమో చేస్తారు. పంచే వ్యక్తి ఆటలో ఉండడు. అది అతని ఉద్యోగం. అతనిని డీలరు అంటారు.

టోర్నమెంటులో అందరూ సమానమైన బిళ్ళలతో మొదలుపెడతారు. బిళ్ళలన్నీ పోయినవారు లేచిపోవాలి. చివర మిగిలినవారు విజేత. నిర్ణీత వ్యవధికి ఒకసారి తప్పనిసరిగా పెట్టవలసిన బిళ్ళల సంఖ్య పెరుగుతూ ఉంటుంది. కావున ఇక్కడ జరిగిన తప్పుకు పరిహారం ఇవ్వడం కష్టం. "పోనీ, మీ డబ్బు మీరు తీసుకోండి" అని సర్దిచెప్పడానికి వీలులేదు. ఒకరికి ఊరకనే బిళ్ళలు ఇస్తే తక్కిన అందరి వాటా తగ్గినట్లే. తప్పుగా బయటకు పోయిన మనిషిని గంట తరువాత పిలిచి కూర్చోబెట్టడం కూడ సాధ్యం కాదు. రైలు వెళ్ళిపోయిన తరువాత టిక్కెట్టు దొరికితే ఏమి లాభము?

ఒకప్పుడు ఒక్కొక్క క్లబ్బుకు ఒక్కొక్క నియమం ఉండేది. 2001లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో టోర్నమెంటు నిర్వాహకుల సంఘం ఏర్పడి, అందరికీ ఒకే నియమావళి ఉండాలని పూనుకొన్నది. ఆ నియమావళిలో మొట్టమొదటి నియమం ముక్కలను గురించి కాదు. ఆట మేలు, న్యాయం – ఈ రెండే నిర్ణయాలకు ప్రధానమని, అసాధారణ పరిస్థితులలో సాంకేతిక నియమం కంటె న్యాయానికే పెద్దపీట వేయవచ్చునని అది చెబుతుంది. ఆ నిర్ణయం చేసేది డీలరు కాదు, ఆటగాళ్ళూ కాదు. ఫ్లోర్ అని పిలువబడే పర్యవేక్షకుడు వచ్చి, విని, తీర్పు చెబుతాడు. అదే తుది మాట.

ఇప్పుడు తప్పుల సంగతి చూద్దాము. పంపకం మొదటిలోనే కొన్ని తప్పులు జరిగితే ఆ పంపకం మొత్తం రద్దు అవుతుంది. మొదటి ముక్క పడవలసిన చోట కాక మరొక చోట పడడం, ఆటలో లేని స్థానానికి ముక్కలు పడడం, ఉన్నవానికి పడకపోవడం, పంచిన మొదటి రెండు ముక్కలలో ఒకటి డీలరు పొరపాటున బయటపడడం, లేదా తరువాతి వాటిలో రెండు బయటపడడం – ఇవి ఆ కోవలోనివి. రద్దు చేసి తిరిగి పంచినప్పుడు ఆ ఆట అచ్చంగా మునుపటి స్థితి నుండే మొదలు కావాలి. పంచే వంతు మారదు; కొత్త ఆటగాళ్ళు కూర్చోరు; పెట్టవలసిన బిళ్ళల సంఖ్య మధ్యలో గడియారం మోగినా పెరగదు. తప్పు వలన ఎవరికీ ఒక మెట్టు లాభమో నష్టమో కలుగరాదని దీని భావం.

తరువాత వచ్చే ముక్కలలో ఒకే ఒకటి బయటపడితే పంపకాన్ని రద్దు చేయరు. పంపకం ముగిశాక ఆ ఆటగానికి మరొక ముక్క ఇచ్చి, బయటపడినదానిని పక్కకు తీసివేయవలసిన ముక్కగా వాడతారు. చిన్న తప్పుకు చిన్న మందు.

ఫ్లాప్‌లో మూడు ముక్కలకు బదులు నాలుగు పడ్డాయనుకోండి. అప్పుడు ఏమి చేస్తారో వింటే మీకు ముచ్చట కలుగుతుంది. ఏది నాలుగవదో కనబడుతూనే ఉన్నా దానిని తీసివేయరు. నాలుగింటినీ మూసి కలిపివేస్తారు. పర్యవేక్షకుడు వచ్చి వాటిలో ఒకదానిని చూడకుండా ఎన్నుకొంటాడు. అది తరువాత పక్కన పెట్టవలసిన ముక్క అవుతుంది. మిగిలిన మూడూ ఫ్లాప్ అవుతాయి.

ఇంకొక తప్పు – ఆటగాళ్ళు తమ వంతులు ముగించకముందే తరువాతి ముక్కను తెరవడం. రివర్ ముక్కను తొందరపడి తెరిస్తే, దానిని మిగిలిన పేకలో కలిపి, అందరి వంతులు ముగిశాక తిరిగి ఒకటి తెరుస్తారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకొనేది ఇక్కడే. తొందరపాటున తెరిచిన ముక్క తనకు కావలసిన ఆఠీను రాణి అయి ఉంటుంది. అది తిరిగి పేకలోకి పోతుంది. "నా రాణిని తీసుకొనిపోయారు" అని ఆటగాడు ఆక్రోశిస్తాడు.

ఆ రాణి అతనిదేనా? ఈ ప్రశ్న వద్ద కొంచెం ఆగుదాము, ఎందుకంటే నియమావళి అంతా దీనిపైనే నిలిచి ఉన్నది. 52 ముక్కలను కలిపినప్పుడు ఏర్పడగల వరుసల సంఖ్య 8 ప్రక్కన 67 సున్నలు పెట్టినంత. బాగుగా కలపడానికి ఎన్నిసార్లు కలపాలి అనే లెక్కను డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ అనే గణిత శాస్త్రజ్ఞులు 1992లో ప్రచురించారు. పేకను రెండు భాగాలు చేసి అంచులు ఒకదానిలో మరొకటి దూర్చే పద్ధతిలో 7 సార్లు కలిపితే సాధారణ అవసరాలకు చాలునని తేల్చారు. అట్లు కలిపిన పేకలో కనబడని ముక్కలన్నీ సమానమే. పై ముక్క బదులు మూడవ ముక్క వచ్చినా ఎవరి అవకాశమూ పెరగదు, తరగదు. కనబడని ముక్క ఎవరిదీ కాదు. కన్ను పడిన తరువాతనే మనస్సు దానిని "నాది" అంటుంది. పర్యవేక్షకుడు చేసే పని ఆ ముక్కను కనబడక ముందున్న స్థితికి వీలైనంతవరకు తిరిగి చేర్చడమే.

అయితే ఎంతకాలం వరకు ఇట్లు వెనుకకు పోవచ్చును? దీనికి వారు ఒక గీత గీచారు. వరుసలో ఇద్దరు తమ వంతులు ఆడి, వారిలో ఒకరైనా బిళ్ళలు పెట్టి ఉంటే, లేదా ముగ్గురు ఏ విధంగానైనా తమ వంతులు ఆడి ఉంటే, ఆట గణనీయంగా సాగినట్లు లెక్క. ఆ గీత దాటిన తరువాత పంపకం తప్పని చెప్పి రద్దు చేయడం కుదరదు. మొదటి ముక్క తప్పు చోట పడినదని అందరికీ తెలిసినా ఆ ఆట సాగవలసిందే.

తప్పని తెలిసికూడ సాగించడం అన్యాయం కాదా అని మీరు అడగవచ్చును. గీత లేకపోతే ఏమి జరుగుతుందో ఆలోచించండి. చేతిలో మంచి ముక్కలున్నవానికి తప్పు కనబడదు. చెడ్డ ముక్కలున్నవానికి తప్పు తప్ప మరేమీ కనబడదు. గెలిస్తే ఊరకుండి, ఓడితే "పంపకమే తప్పు" అని లేచే అవకాశం ప్రతివానికీ దొరుకుతుంది. అప్పుడు తప్పు ఒక ఆయుధమవుతుంది. గీత ఆ ఆయుధాన్ని లాగివేస్తుంది. తప్పు ఎవరికి లాభించినదని అడగక, ఆట ఎంతవరకు సాగినదని మాత్రమే అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనుషుల ముఖాలు చూడాలి. రెండవదానికి బల్లను చూస్తే చాలు.

ఈ గీత మరొక పని కూడ చేస్తున్నది. వెంటనే చెప్పినవానికి ఫలం ఉన్నది, ఆలస్యం చేసినవానికి లేదు. మొదటి క్షణంలో తప్పు ఖరీదు ఒక పంపకం మాత్రమే. ఒక్కొక్క వంతు గడిచేకొద్దీ ఆ ఖరీదు పెరుగుతుంది. కొంతదూరం పోయిన తరువాత ఏ ధరకూ దానిని సరిదిద్దలేము. కావున డీలరుకు నేర్పే మొదటి పాఠం ముక్కలు విసరడంలోని ఒడుపు కాదు. తప్పు జరిగినదని అనిపించగానే చేయి ఆపాలి. ముక్కలను తానై సర్దరాదు. గట్టిగా చెప్పి పర్యవేక్షకుని పిలవాలి. ఎవరూ చూడలేదు కదా అని చాటుగా సర్దిన ముక్క, చేసిన తప్పు కంటె పెద్ద తప్పు. ఆటగాళ్ళు డీలరును దూషిస్తే వారికే దండన ఉంటుంది. తిట్టు తినవలసివస్తుందని భయపడే చేయి ఆగదు, సర్దుతుంది. డీలరుకు గౌరవం ఇవ్వడం ఒక్క మర్యాద కొరకే కాదు, తప్పు బయటపడడానికి కూడ అవసరమే.

అన్నిటిలోను కఠినమైన నియమం ఒకటి మిగిలినది. డీలరు పొరపాటున ఒక ఆటగాని ముక్కలను పారవేసిన ముక్కల కుప్పలో కలిపివేస్తే, ఆ ఆటగానికి దిక్కు లేదు. ఎదుటివారు సరిపెట్టని పెంపు బిళ్ళలు మాత్రం అతనికి తిరిగి వస్తాయి, సరిపెట్టినవి పోయినట్లే. తన ముక్కలను కాపాడుకొనే బాధ్యత ఆటగానిదే. అందుకే అనుభవజ్ఞులు ముక్కలపై ఒక బిళ్ళనో నాణాన్నో బరువుగా ఉంచుతారు. కాని అదే ఆటగాడు చివరలో తన ముక్కలను అందరికీ కనబడేటట్లు తెరిచి పెట్టి, అవి గెలిచినవని స్పష్టంగా తేలి ఉంటే, డీలరు పొరపాటున వాటిని లాగివేసినా ఆ గెలుపు చెల్లుతుంది.

ఈ రెండింటికీ భేదం ఎక్కడ ఉన్నది? అందరూ చూచినది నిలుస్తుంది. ఒక్కరికే తెలిసినది నిలువదు. కుప్పలో కలిసిన ముక్కలను ఆటగాడు "నావి రెండు ఆసులు" అంటే నమ్మడానికి ఆధారం లేదు. అతడు సత్యవంతుడే కావచ్చును. అయినను అతని మాటపై ముక్కలు తిరిగి ఇస్తే, రేపు ప్రతివాని మాటపైనా ఇవ్వవలసి వస్తుంది. ఈ నియమం వలన ఒక నిజాయితీపరునికి నష్టం కలుగవచ్చునన్న సంగతిని మేము దాచము. నెలల తరబడి సాధన చేసి, దూరప్రయాణం చేసి వచ్చిన మనిషి తన తప్పు లేకుండా లేచి వెళ్ళవలసి రావచ్చును. నియమం ఉన్నది కదా అని ఆ బాధ బాధ కాకుండా పోదు. ఏ నియమావళి అయినా కొంత నష్టాన్ని ఎవరో ఒకరిపై మిగుల్చుతుంది. అది ఎవరిపై పడుతుందో ఆటకు ముందే చెప్పి, దానిని తప్పించుకొనే ఉపాయాన్ని కూడ వారి చేతికే ఇవ్వడం వరకే మానవ సాధ్యం. ఆ ఒక్క నాణెం బరువు అందుకే.

మరి తీర్పరియే తప్పు చేస్తే? దీనికి జవాబు బ్రిడ్జ్ ఆట నియమాలలో దొరుకుతుంది. టోర్నమెంటు బ్రిడ్జ్‌లో ఒకే పంపకాన్ని వేరువేరు బల్లల వద్ద ఆడించి ఫలితాలను పోల్చుతారు. అదృష్టం పాలును తగ్గించే ఉపాయం అది. 2018లో జకార్తా ఏషియన్ క్రీడలలో మన దేశానికి చెందిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ పురుషుల జంట విభాగంలో స్వర్ణ పతకం సాధించినది ఈ ఆటలోనే. ఇందులో ప్రతి ఆటగాడు తన ముక్కల ముఖం చూడకముందే 13 ఉన్నవో లేవో లెక్కించాలి. చూసిన తరువాత లెక్కిస్తే ఆశ లెక్కలో కలుస్తుందని వేరే చెప్పనక్కరలేదు. ఇక నిర్వాహకుడు తప్పుడు తీర్పు ఇచ్చి, దానిని సరిదిద్ది ఆటను మామూలుగా ముగించే దారి లేకపోతే, సవరించిన మార్కులు ఇవ్వాలి. అట్లు ఇచ్చేటప్పుడు రెండు పక్షాలనూ తప్పు చేయనివారుగానే భావించాలి. అధికారి పొరపాటు భారం ఆడేవారిలో ఏ ఒక్కరి నెత్తిన పడరాదని దీని తాత్పర్యం. ఈ నియమాన్ని ప్రతి కార్యాలయంలోను గోడకు వ్రేలాడదీసినా తప్పులేదని మా అభిప్రాయం.

కార్యాలయం మాట వచ్చినది గనుక మన పనిని కూడ తలచుకొందాము. రైల్వేలో ఇద్దరు స్టేషన్ మాస్టర్లు లైన్ క్లియర్ ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు చెప్పిన మాటను విన్నవారు తిరిగి చెప్పడం, ప్రైవేటు నంబరు వ్రాసుకోవడం మీలో చాలమందికి తెలుసును. ఆ పద్ధతి వారిలో ఎవరూ తెలివితక్కువవారని ఏర్పడినది కాదు. మంచివారికి కూడ రాత్రి రెండు గంటలకు చెవి మోసం చేయవచ్చునని ఒప్పుకొని ఏర్పరచినది. గనిలో, యంత్రశాలలో ప్రమాదం తృటిలో తప్పినప్పుడు దానిని వెంటనే తెలియజేయమని కోరడం కూడ ఇందుకే. చెప్పినవానిని అందరి ఎదుట అవమానిస్తే రెండవసారి ఎవరూ చెప్పరు. చెప్పని తప్పు బల్ల చుట్టూ ఒక్కొక్క వంతు తిరుగుతూ, ఖరీదు పెంచుకొంటూ పోతుంది. పేకబల్ల వద్ద ఆ ఖరీదు ఒక ఆట. పట్టాల మీద ఆ ఖరీదును మేము వ్రాయనక్కరలేదు.

మన కాలనీలలో పండుగ పోటీలు నడిపే మిత్రుల కొరకు కొన్ని సూచనలు చేసి ముగిస్తాము. మొదటిది, ఆటకు ముందు పేకను అందరి ఎదుట లెక్కించండి. రెండు పేకలైతే 104, జోకర్లు వేరుగా. రెండవది, పంచిన తరువాత ప్రతివారూ ముక్కలను తిప్పి చూడకముందే 13 లెక్కపెట్టుకోవాలి. మూడవది, గీతను ముందే ప్రకటించండి. మొదటి ఆటగాడు ముక్క తీసుకొని ఒకటి వదిలేవరకు తప్పు బయటపడితే తిరిగి పంచడం, ఆ తరువాత బయటపడితే లెక్క తప్పిన చేతిని మాత్రం మార్కులు లేకుండా మూసివేసి తక్కినవారి ఆటను సాగనివ్వడం – ఇది మా సూచన. మీకు మరొకటి నచ్చవచ్చును. ఏదైనా సరే, ఆటకు ముందే అనుకోండి. నాలుగవది, ఆడని పెద్దమనిషి ఒకరిని తీర్పరిగా కూర్చోబెట్టి, వారి మాటకు కట్టుబడండి. ఐదవది అన్నింటికంటె ముఖ్యం. పంచే అబ్బాయో అమ్మాయో "అయ్యో, నావల్ల తప్పు పడింది" అని తానై చెప్పినప్పుడు ఎవరూ నవ్వరాదు, ఎవరూ గద్దించరాదు. బాబాయిగారి చేతిలో ఆ సమయాన రెండు సీక్వెన్సులు ఉన్నా సరే, ఆయన నోరు మెదపకుండా ముక్కలు బల్లపై పెట్టాలి.

ఒక హెచ్చరిక మరువరాదు. రమ్మీ నైపుణ్యపు ఆట అన్న 1967 నాటి తీర్పును చూపి డబ్బు పెట్టి ఆడవచ్చునని ఎవరైనా చెబితే నమ్మకండి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టాలను సవరించి పందెపు రమ్మీపై కట్టుదిట్టం చేశాయి. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. జీతపు రాళ్ళను చేతిలోని ఫోనుకు సమర్పించుకొని కుంగిపోయిన కుటుంబాల కథలు ఈ చట్టం వెనుక ఉన్నాయి. మా సూచనలు చింతగింజలతోనో కాగితంపై మార్కులతోనో ఆడుకొనేవారికి మాత్రమే.

మీ పిల్లవాడు రేపు ఏ యంత్రం ముందో, ఏ రిజిస్టరు ముందో కూర్చుంటాడు. అప్పుడు ఏదో ఒక రోజు అతని చేయి తప్పుతుంది. చేయి తప్పనివారు లేరు. ఆ క్షణంలో చేయి ఆపి నోరు విప్పే అలవాటు అతనికి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ఆ అలవాటు శిక్షణ తరగతులలో కొంత పట్టుబడుతుంది. ఇంటిలో, చాప పరచుకొని కూర్చున్న పేకాటలో, తన తప్పు తానే చెప్పి, తిట్టు తినకుండా తిరిగి పంచిన పిల్లవానికి అంతకు ముందే పట్టుబడి ఉంటుంది. రాబోయే పండుగకు మీ ఇంట పేక తీసినప్పుడు, ముక్కలు పంచే పనిని ఆ పిల్లలకే అప్పగించవలసినదిగా మా మనవి.